బరువులు మోసే నాలుగుకాళ్ల రోబోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండ మెట్ల మీద బరువుతో నడిచిపోయే నాలుగుకాళ్ల యంత్రాల వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ కనిపిస్తున్నాయి. వాటిని చూసినవారు ముందుగా అడిగేది ఒకటే: అది ఎంత బరువు మోస్తుంది? ఆ వెంటనే ఎంత దూరం మోస్తుందని కూడా అడగాలి. ఈ రెండింటినీ విడదీస్తే ఏ యంత్రమైనా గొప్పదిగానే కనిపిస్తుంది. కలిపి అడిగినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. కింది సమాధానాలు రాస్తున్నప్పుడు నేను వదలకుండా పట్టుకున్నది ఈ జంట ప్రశ్ననే.

చక్రాలు ఉండగా కాళ్లు ఎందుకు?

చక్రానికి దారి తెగకుండా ఉండాలి. మధ్యలో గుంత వచ్చినా, చక్రం ఎత్తుతో పోటీపడే రాయి అడ్డుపడినా బండి ఆగిపోతుంది. కాలికి అంత అవసరం లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి గట్టి చోటు దొరికితే చాలు. రెండు అడుగుల నడుమ ఉన్నది బురదా, బండరాయా, పిల్లకాలువా అన్నదాంతో పని లేదు. వాగులో తేలిన రాళ్ల మీద కాళ్లు వేసుకుంటూ అవతలి గట్టుకు చేరినవారికి ఇది అనుభవమే.

ఇంకో మేలు కూడా ఉంది. నేల ఎత్తుపల్లాలు చక్రం గుండా నేరుగా బండి మీదికి వస్తాయి. కాలైతే మడిచినప్పుడు పొట్టిదవుతుంది, చాచినప్పుడు పొడుగవుతుంది. అందుకే పాదాలు రాళ్ల మీద ఎక్కిదిగుతున్నా వీపు దాదాపు ఒకే మట్టంలో సాగుతుంది. వీపు మీద మందుల పెట్టె ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

భూమి మీది నేలలో సగం కంటే తక్కువ భాగానికే చక్రాల బండ్లు, గొలుసుపట్టాల బండ్లు చేరగలవని బిగ్‌డాగ్ అనే నాలుగుకాళ్ల రోబో రూపకర్తలు 2008లో ప్రచురించిన పత్రంలో రాశారు. మిగిలిన చోట్లకు మనుషులూ జంతువులూ నడిచే వెళతారు. ఈ యంత్రాలు పుట్టింది ఆ మిగిలిన నేల కోసం. రోడ్డు ఉన్న చోట మాత్రం చక్రంతో పోటీపడే కాలు ఇంతవరకు లేదు.

నాలుగే ఎందుకు? రెండు గాని, ఆరు గాని ఉండకూడదా?

ముక్కాలిపీట ఎలాంటి నేల మీద వేసినా ఊగదు. నాలుగు కాళ్లున్న యంత్రం ఒక కాలు ఎత్తినా మూడు నేల మీద ఉంటాయి. బరువు ఆ మూడు పాదాల నడుమ పడేలా చూసుకుంటే కదలకుండా నిలబడగలదు. రెండు కాళ్ల యంత్రానికి ఈ సౌకర్యం లేదు, వీపు మీద బరువు వేస్తే మరీ కష్టం. ఆరు కాళ్లయితే నిలకడ ఇంకా బాగుంటుంది. కానీ ఒక్కో కాలికి కనీసం మూడు మోటార్లు కావాలి. రెండు కాళ్లు ఎక్కువైతే ఆరు మోటార్లు ఎక్కువైనట్టు. ఆ బరువంతా మోయాల్సిన సరుకులోంచి తీసేయాల్సిందే.

ఈ ఆలోచన ఎప్పటిది?

నూరేళ్లకు పైబడినది. రష్యన్ గణిత శాస్త్రజ్ఞుడు చెబిషెవ్ రూపొందించిన నడిచే యంత్రాన్ని 1878 పారిస్ ప్రదర్శనలో పెట్టారు. కడ్డీలను కీళ్లతో కలిపి, తిరిగే కదలికను అడుగులుగా మార్చిన పరికరం అది. చదునైన నేల మీద చక్కగా నడిచేది. ఎదురుగా రాయి ఉంటే కాలు ఎత్తి వేయడం దానికి చేతకాదు, ఎందుకంటే అడుగు ఆకారం కడ్డీల్లోనే ఖరారైపోయింది.

1960ల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రాల్ఫ్ మోషర్ బృందం వేరే దారి పట్టింది. సుమారు 1,300 కిలోల నాలుగుకాళ్ల యంత్రాన్ని సైన్యం కోసం కట్టి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టారు. అతని చేతులు ముందు కాళ్లను, అతని కాళ్లు వెనక కాళ్లను నడిపేవి. పాదానికి రాయి తగిలితే ఆ ఒత్తిడి నడిపేవాడి చేతికి తెలిసేది. అది బరువులు ఎత్తింది, పేర్చిన దుంగల మీదికి ఎక్కింది. కానీ నాలుగు కాళ్లనూ తన మనసుతో నడపాల్సిన మనిషి కొద్ది నిమిషాల్లోనే అలసిపోయేవాడు. ప్రస్తుతం ఆ యంత్రం వర్జీనియాలోని ఫోర్ట్ యూస్టిస్‌లో, సైనిక రవాణా మ్యూజియంలో ఉంది. ఉక్కు, నూనె, శక్తి అన్నీ సమకూరినా అడుగు ఎక్కడ వేయాలో నిర్ణయించే మెదడు యంత్రానికి లేకపోతే ప్రయోజనం లేదని అది తేల్చింది.

ఆ మెదడు కోసం వెతుకులాట 1980ల్లో గట్టిగా మొదలైంది. మార్క్ రైబర్ట్ 1980లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కాళ్ల ప్రయోగశాల స్థాపించి, 1986లో దాన్ని ఎంఐటీకి తరలించారు. ఆయన నాలుగు కాళ్లతో మొదలుపెట్టలేదు. ఒంటికాలి మీద గెంతే యంత్రంతో మొదలుపెట్టారు. ఒంటికాలి మీద నిలబడటం అసాధ్యం కాబట్టి పడిపోకుండా ఉండాలంటే గెంతుతూనే ఉండాలి. ఆ సూత్రం చిక్కాక దాన్ని రెండు కాళ్లకు, నాలుగు కాళ్లకు విస్తరించారు. 1992లో ఆయన బోస్టన్ డైనమిక్స్ సంస్థను ప్రారంభించారు.

పడిపోకుండా ఎలా నడుస్తుంది?

ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పడం నాకు ఇష్టం.

మెల్లగా నడిచేటప్పుడు ముక్కాలిపీట సూత్రమే. ఒక్కో కాలు ఎత్తి వేస్తూ, మొత్తం బరువు మిగతా మూడింటి మధ్య ఉండేలా వీపును కాస్త అటూఇటూ జరుపుతుంది. ఏ క్షణంలో ఆపినా పడదు. కానీ ఈ నడక చాలా నిదానం.

వేగం కావాలంటే గుర్రం దుడుకు నడకలా, ఎదురెదురు మూలల్లోని కాళ్లను జతగా వేయాలి. ముందు కుడి కాలు, వెనక ఎడమ కాలు ఒకసారి. ముందు ఎడమ, వెనక కుడి మరోసారి. అప్పుడు నేల మీద రెండే పాదాలుంటాయి. వాటిని కలిపే గీత మీద యంత్రం ఎటో ఒకవైపు వాలడం మొదలుపెడుతుంది. ఆ వాలడాన్ని ఆపరు. వాలుతున్న వైపు తర్వాతి అడుగు పడేలా చూస్తారు. ఏడాది బిడ్డ తప్పటడుగులు వేసేటప్పుడు మనం చూసేది ఇదే.

ఆ అడుగు ఎక్కడ పడాలన్నదానికి రైబర్ట్ ఇచ్చిన సూత్రం పదో తరగతి పిల్లలకు కూడా చెప్పవచ్చు. యంత్రం సెకనుకు ఒక మీటరు వేగంతో పోతోందనుకోండి. ఒక్కో పాదం నేల మీద 0.4 సెకను ఉంటుందనుకోండి. ఆ వ్యవధిలో వీపు 40 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. పాదాన్ని అందులో సగం, అంటే తుంటికి 20 సెంటీమీటర్ల ముందు వేస్తే వేగం మారదు. ఇంకా ముందుకు వేస్తే వేగం తగ్గుతుంది. వెనక్కి వేస్తే పెరుగుతుంది. పక్కనుంచి ఎవరైనా తోస్తే పక్కకు వేగం పుట్టినట్టు. కాబట్టి అదే సూత్రం ప్రకారం కాలు పక్కకు పడుతుంది. తోసినప్పుడు ఈ రోబోలు జంతువుల్లా తడబడి నిలదొక్కుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే. నేటి యంత్రాల్లో ఇంతకంటే ఎంతో క్లిష్టమైన గణితం ఉన్నా ఈ అడుగు సూత్రం ఏదో రూపంలో లోపల ఉంటూనే ఉంది.

చీకట్లో, మంచులో, ఏపుగా పెరిగిన గడ్డిలో నేల కనిపించనప్పుడు?

మనమూ కరెంటు పోయినప్పుడు ఇంట్లో మెట్లు దిగుతాం. పాదానికి మెట్టు తగిలిందా, మోకాలు ఎంత వంగింది, ఒళ్లు ఎటు వాలింది అన్నవి లోపలినుంచే తెలుస్తాయి. రోబోకు ఆ పని కీళ్ల దగ్గరి సెన్సార్లు, వాలును కొలిచే గైరోస్కోపులు చేస్తాయి. పాదం జారితే అనుకున్న చోటికీ ఉన్న చోటికీ తేడా వస్తుంది, వెంటనే మరో అడుగు వేస్తుంది.

స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఎనీమల్ అనే రోబోకు కంప్యూటర్లో సృష్టించిన నేలల మీద లెక్కలేనన్ని సార్లు పడనిచ్చి, లేవనిచ్చి నడక నేర్పించారు. 2020లో వారు చూపిన నడకకు కెమెరా అవసరమే లేదు. బురద, మంచు, రాళ్ల కుప్ప, ప్రవహించే నీళ్లు అన్నిటినీ స్పర్శతోనే దాటింది. 2022లో దానికి చూపును జోడించారు. అయితే చూపును గుడ్డిగా నమ్మకూడదని కూడా నేర్పారు. పొడవాటి గడ్డి కెమెరాకు గట్టి నేలలా కనిపిస్తుంది. కాలు అందులో దిగబడినప్పుడు రోబో కంటిని పక్కనపెట్టి కాలినే నమ్ముతుంది. అలా అది స్విట్జర్లాండ్‌లోని ఎట్జెల్ కొండ మీదికి 120 మీటర్ల ఎత్తు 31 నిమిషాల్లో ఎక్కింది. ఆ దారికి మనుషులకు సూచించే సమయం కంటే ఇది 4 నిమిషాలు తక్కువ. కాకపోతే అది వట్టి వీపుతో ఎక్కింది.

బిగ్‌డాగ్‌కు అంత పేరు ఎందుకు వచ్చింది?

బోస్టన్ డైనమిక్స్ దాన్ని 2005లో రూపొందించింది. డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా. సుమారు ఒక మీటరు ఎత్తు, 110 కిలోల బరువు. లోపల 15 అశ్వశక్తి గల టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజను ఉండేది. ఆ ఇంజను నూనెను ఒత్తిడితో కాళ్లలోకి పంపేది. జేసీబీ చెయ్యి ఎలా లేస్తుందో ఆ కాలూ అలాగే లేస్తుంది. ఒక్కో కాలికి అలాంటి నాలుగు కదిలే కీళ్లు, ఒళ్లంతా దాదాపు 50 సెన్సార్లు ఉండేవి.

2008లో వచ్చిన వీడియోలో ఒక మనిషి దాన్ని పక్కనుంచి బలంగా తన్నాడు. అది తూలి, నాలుగైదు అడుగులు తడబడి, పడకుండా నిలబడింది. మరోచోట మంచుగడ్డ మీద కాళ్లు నాలుగు దిక్కులకూ జారినా సర్దుకుంది. అంతకు ముందు రోబో అంటే ప్రయోగశాల గచ్చు మీద ఆచితూచి కదిలేదనే చాలామంది అనుకునేవారు. ఆ ఒక్క వీడియో ఆ ఊహను మార్చేసింది.

మోత సంగతికి వస్తే, దాని పేరు పక్కన కనిపించే 150 కిలోల అంకె చదునైన నేల మీద సాధించినది. గరుకు నేల మీద మామూలుగా మోసింది 50 కిలోలే. దూరం విషయంలో మాత్రం అది తర్వాత మధ్యలో ఆగకుండా, ఇంధనం నింపకుండా 20 కిలోమీటర్లకు పైగా నడిచింది.

దాన్ని తన్నడం క్రూరత్వం కాదా?

యంత్రానికి నొప్పి లేదు. ఆ తన్ను పరీక్షలో భాగం. అయినా చూసినవారి మనసు చివుక్కుమంటుంది. నాకూ అలాగే అనిపించింది. జంతువులా తడబడేదాన్ని చూస్తే జంతువును చూసినట్టే కలుక్కుమంటుంది, అందులో తప్పేమీ లేదు.

సైన్యం కోసం చేసిన ఎల్ఎస్3 ఏమైంది?

అమెరికా పదాతి సైనికుడు 45 కిలోల దాకా మోస్తూ నడవాల్సి వచ్చే సందర్భాలున్నాయి. మోకాళ్లు, నడుములు దెబ్బతింటాయి. ఈ బరువు తగ్గించడానికి బిగ్‌డాగ్‌కు పెద్ద తమ్ముడిని చేయాలని 2009 చివర్లో డార్పా పని అప్పగించింది. లక్ష్యం స్పష్టంగా ఉంది: 180 కిలోల బరువుతో, 32 కిలోమీటర్లు, 24 గంటల్లో, మధ్యలో ఇంధనం నింపకుండా. నేను మొదట చెప్పిన జంట ప్రశ్నకు ఇంత సూటిగా అంకెలు నిర్దేశించిన ప్రాజెక్టు మరొకటి నాకు కనిపించలేదు.

2012లో అది బయట అడుగుపెట్టింది. కెమెరాలు, లేజర్ కాంతితో దూరాలు కొలిచే లైడార్‌తో ముందు నడిచే సైనికుణ్ని గుర్తుపట్టి వెంట నడిచేది. మాటతో ఇచ్చిన ఆదేశాలు వినేది. దొర్లి పడితే తనంతట తానే లేచేది. 2014 జులైలో హవాయి దీవుల్లోని కహుకు శిక్షణ క్షేత్రంలో, రిమ్‌ప్యాక్ అనే బహుళదేశాల నౌకాదళ విన్యాసాల సందర్భంగా మెరైన్ సైనికులు దాన్ని వెంటబెట్టుకుని తిరిగారు. నీళ్లు మోసుకుంటూ కొండలు, పొదల మధ్య చాలా చోట్లకు వెళ్లగలిగింది. అందరూ ఫిర్యాదు చేసింది ఒక్కదాని గురించే: శబ్దం. శత్రువుకు తెలియకుండా కదలాల్సిన దళం వెంట ఇంజను మోత వస్తే అందరి ప్రాణం మీదికి వస్తుంది. అడవిలో చెడిపోతే బాగుచేయడం కూడా కష్టమే. 2015 చివరికి మెరైన్లు దాన్ని పక్కన పెట్టేశారన్న వార్త వచ్చింది.

అదే ఏడాది బ్యాటరీతో నడిచే చిన్న రోబో స్పాట్‌ను వర్జీనియాలోని క్వాంటికోలో పరీక్షించారు. చప్పుడు బాగా తగ్గింది. మోసే బరువు 20 కిలోల లోపుకు పడిపోయింది. దాంతో అదీ ముందుకు సాగలేదు.

అంత చప్పుడు చేసే ఇంజను ఎందుకు పెట్టారు? బ్యాటరీ సరిపోదా?

కిలో పెట్రోలులో దాదాపు 12.8 యూనిట్ల శక్తి ఉంటుంది, కరెంటు బిల్లులో మనం చూసే యూనిట్లే. కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్ ఉంటే గొప్ప. ఇంజను తన ఇంధనంలో మూడు వంతులు వేడిగా పారబోసినా, బ్యాటరీ కంటే పది రెట్లు ముందే ఉంటుంది. రోజంతా నడవాలన్న షరతు పెట్టిన రోజే ఇంజను ఖాయమైంది, ఇంజనుతో పాటు చప్పుడూ ఖాయమైంది.

రెండో సమస్య నడకలోనే ఉంది. బరువును కొంత దూరం కదిలించడానికి ఎంత శక్తి పడుతుందన్న కొలమానంలో మనిషి నడక 0.2, 0.3 మధ్య ఉంటుంది. బిగ్‌డాగ్ దాదాపు 15 అని అంచనా. అంటే అనేక పదుల రెట్లు. దీనికి పూర్తి విరుద్ధమైన కొస కూడా చూడాలి. కార్నెల్ విశ్వవిద్యాలయం రూపొందించిన రేంజర్ అనే రోబో 2011లో ఒక్క ఛార్జింగుతో 65 కిలోమీటర్లు నడిచింది, దాని లెక్క 0.28. కానీ అది పది కిలోల తేలికపాటి యంత్రం, నడిచింది ఇండోర్ ట్రాక్ మీద, మోసింది ఏమీ లేదు. బరువు, గరుకు నేల, పొదుపు మూడూ ఒకే యంత్రంలో ఇంకా కుదరలేదు.

ఇప్పుడు దొరికే రోబోలు ఎంత మోస్తాయి?

దాదాపు అన్నీ విద్యుత్ మోటార్లవే. మోటారుకూ కాలికీ మధ్య పళ్లచక్రాలు తగ్గించి, నేల తగిలిన దెబ్బ మోటారుకు తెలిసేలా చేసే పద్ధతిని ఎంఐటీ చీతా రోబోలు ముందుకు తెచ్చాక నూనె ఒత్తిడితో కదిలే హైడ్రాలిక్ కాళ్లు వెనకబడ్డాయి.

2020లో 74,500 డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చిన స్పాట్ సొంత బరువు 32 కిలోలు, మోసేది 14 కిలోలు, బ్యాటరీ సుమారు గంటన్నర. చైనా సంస్థ యూనిట్రీ 2023లో తెచ్చిన బి2 60 కిలోలు ఉండి, నడుస్తూ 40 కిలోలు మోస్తుందని తయారీదారు చెబుతారు. అదే యంత్రం నిలబడి 120 కిలోలు భరిస్తుందనీ చెబుతారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా ఈ రెండో అంకె. బస్తా నెత్తిన పెట్టుకుని నిలబడటం వేరు, దానితో మైలు నడవడం వేరు.

భారీ యంత్రాలూ ఉన్నాయి. ఇటలీలోని జెనోవాలో రూపొందిన హైక్యూరియల్, 130 కిలోల హైడ్రాలిక్ రోబో, 2019లో 3.3 టన్నుల చిన్న విమానాన్ని విమానాశ్రయంలో లాగింది. చూడముచ్చటైన ప్రదర్శనే గానీ చక్రాల మీద ఉన్నదాన్ని చదును నేల మీద లాగడం, వీపున మోయడం ఒకటి కావు. జపాన్ సంస్థ కవాసాకి 2022లో చూపిన బెక్స్ అనే కొండమేక ఆకారపు రోబో 100 కిలోలు మోస్తుంది. దాని మోకాళ్లకు చక్రాలు కట్టారు. చదునుగా ఉన్నచోట మోకాళ్ల మీద కూర్చుని దొర్లుతుంది, గరుకు నేల రాగానే లేచి నడుస్తుంది. నాకు ఈ ఆలోచన బాగా నచ్చింది. కాళ్లా, చక్రాలా అన్న వాదనకు ఇంజనీర్లు రెండూ అన్నారు.

పెద్ద రోబో చేస్తే పెద్ద బరువు మోయదా?

కొలతలన్నీ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఎముకలాంటి కడ్డీల అడ్డుకోత వైశాల్యం, వాటి బలం నాలుగు రెట్లే పెరుగుతాయి. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు ఎత్తడం, ఏనుగు ఎత్తలేకపోవడం ఇందువల్లే.

పైగా మోకాలు వంగి ఉన్నంతసేపూ మోటారు పని చేస్తూనే ఉండాలి. కొంచెం మోకాళ్లు వంచి, భుజాన బియ్యం బస్తాతో రెండు నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. ఎక్కడికీ వెళ్లకపోయినా తొడలు మండుతాయి. మోటారుకూ అంతే, అది వేడెక్కుతుంది. వేసవి ఎండలో ఈ వేడి పోవడం ఇంకా కష్టం.

సరుకు ఎలా కట్టారన్నదీ ముఖ్యమే. గాడిదల మీద బరువులు తోలినవారికి తెలుసు, రెండు వైపులా సమానంగా, వీలైనంత కిందికి వేలాడేలా కట్టాలి. ఎత్తుగా పేరిస్తే ప్రతి అడుగుకూ ఊగుతుంది. సగం నిండిన నీళ్ల డబ్బా అన్నిటికంటే చెడ్డ సరుకు. లోపలి నీళ్లు అడుగు తాళానికి ఎదురు కొడతాయి.

కంచరగాడిదతో పోలిస్తే?

కంచరగాడిద తన బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా, అంటే సుమారు 70, 80 కిలోలు, కొండ దారిలో రోజంతా మోస్తుంది. దారిలో గడ్డి మేసి ఇంధనం తానే నింపుకుంటుంది. గాయం తనంతట మానుతుంది. ఏ రాయి మీద కాలు పెట్టకూడదో తనకు తెలుసు. 1971 యుద్ధంలో పెడోంగి అనే భారత సైన్యపు కంచరగాడిద శత్రువుల చేతికి చిక్కి, వాళ్లు వీపున కట్టిన మెషిన్ గన్‌తో సహా తిరిగి మన శిబిరానికి వచ్చిన ఉదంతం సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రోబోకు ఉన్న లాభాలు వేరు. పని లేనప్పుడు దానికి మేత అక్కర్లేదు. విషవాయువు ఉన్న సొరంగంలోకి, కూలబోయే భవనంలోకి దాన్ని పంపవచ్చు. పోతే యంత్రమే పోతుంది. కేదార్‌నాథ్ లాంటి యాత్రా మార్గాల్లో విశ్రాంతి లేకుండా బరువులు మోసి దారిలోనే కూలిపోయే కంచరగాడిదల వార్తలు చదివినప్పుడల్లా, ఈ యంత్రాలు త్వరగా ఎదగాలని మనసారా కోరుకుంటాను. కానీ కేవలం మోత, దూరం, ఖర్చు చూస్తే ఈరోజుకు జంతువుదే పైచేయి.

భారత సైన్యం దగ్గర ఉన్నాయా?

ఉన్నాయి. 2025 జనవరి 15న పుణెలో జరిగిన ఆర్మీ డే కవాతులో నాలుగుకాళ్ల రోబోలు వరుసగా నడిచాయి. వాటిని ‘మ్యూల్’ అంటున్నారు, ఇంగ్లిషులో కంచరగాడిదకు ఉన్న పేరే. సైన్యం అలాంటివి 100 తీసుకుంది. అయితే పేరు చూసి పొరబడకూడదు. అవి మోసేది 15 కిలోల లోపే. వాటి అసలు పని కెమెరాలు, సెన్సార్లు మోస్తూ ముందుగా వెళ్లి చూసి రావడం. హిమాలయ శిబిరాలకు రేషన్ చేర్చే అసలు కంచరగాడిద స్థానంలోకి అవి రావాలంటే మోత అనేక రెట్లు పెరగాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా చేస్తున్నారా?

హైదరాబాద్‌లోని స్వాయా రోబోటిక్స్ సంస్థ డీఆర్‌డీఓకు చెందిన పుణె, బెంగళూరు ప్రయోగశాలలతో కలిసి నాలుగుకాళ్ల రోబోను రూపొందించి 2023లో చూపింది. అది 25 కిలోల దాకా మోసేలా తయారైంది.

మన్యంలో డోలీ మోతకు బదులు వీటిని వాడవచ్చా?

ఈ ప్రశ్న అడిగేవారి ఆవేదన నాకు అర్థమవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గర్భిణులను, రోగులను కర్రకు కట్టిన డోలీలో కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. నా జవాబు: ఇప్పుడున్న రోబోలతో వద్దు. మనిషి, పడక కలిపి 60, 70 కిలోలు అవుతుంది. అమ్మకానికి దొరికే యంత్రాల్లో చాలావరకు అంత మోయలేవు. పెద్దదాన్ని తెచ్చినా వానకు తడిసిన ఎర్రమట్టి దారిలో, నొప్పులు పడుతున్న తల్లితో ఒక్కసారి జారినా చాలు. డోలీ మోసేవారు ప్రతి అడుగుకూ ఒకరి భుజం ఒకరు గమనిస్తూ, ఆమె మూలుగు వింటూ నడుస్తారు. యంత్రానికి అది రాదు.

మందులు, రక్తం లాంటి తేలిక సరుకు చేర్చడానికి డ్రోను మేలు. తెలంగాణలో 2021లో వికారాబాద్ నుంచి డ్రోన్లతో మందులు పంపి పరీక్షించారు. రోగిని కిందికి తేవడానికి కావాల్సింది రోడ్డు, దాని మీద అంబులెన్సు. రోబో వస్తుందన్న మాట రోడ్డు ఆలస్యానికి సాకు కాకూడదు.

మరి మామూలు పనుల్లో ఎక్కడ పనికొస్తున్నాయి?

చైనాలోని తాయ్ పర్వతానికి సుమారు 7,000 మెట్లున్నాయి, అలిపిరి మెట్ల దారికి దాదాపు రెట్టింపు. యాత్రికులు వదిలే చెత్తను కిందికి తేవడం అక్కడి కూలీలకు నిత్య శ్రమ. 2024లో అక్కడ నాలుగుకాళ్ల రోబోలతో చెత్త మోయించి పరీక్షించారు. ఇది నాకు సరైన ఎంపికగా కనిపిస్తుంది. దారి తెలిసినదే, దూరం కొద్దిదే, కింద ఛార్జింగు ఉంది, సరుకు పడిపోయినా ప్రాణనష్టం లేదు.

గనులు, సొరంగాల్లో వెతుకులాట మరో రంగం. 2021లో అమెరికాలోని కెంటకీలో, భూగర్భంలో డార్పా నిర్వహించిన పోటీలో ఎనీమల్ రోబోలను దింపిన సెర్బెరస్ బృందం 20 లక్షల డాలర్ల బహుమతి గెలిచింది. కర్మాగారాల్లో మీటర్లు చూడటం, లీకులు పట్టడం ఇప్పటికే నిత్య వ్యాపారం. అక్కడ వీపున ఉండేది కొద్ది కిలోల కెమెరా మాత్రమే.

వీపు మీద సరుకుకు బదులు తుపాకీ పెడితే?

పెట్టడం సాంకేతికంగా సాధ్యమే, పెట్టి ప్రదర్శించినవారూ ఉన్నారు. 2022 అక్టోబరులో బోస్టన్ డైనమిక్స్, ఎనీబోటిక్స్, యూనిట్రీ సహా ఆరు సంస్థలు తమ సాధారణ వినియోగ రోబోలకు ఆయుధాలు అమర్చబోమని బహిరంగ లేఖ రాశాయి. అది స్వచ్ఛంద హామీ, చట్టం కాదు. కొన్నవారు ఏం చేస్తారన్నదాన్ని లేఖ ఆపలేదు. చట్టం కావాలన్నది నా అభిప్రాయం.

ఇంజనీరింగ్ విద్యార్థిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగు కాళ్లతో మొదలుపెట్టకండి. ముందు కంప్యూటర్లో నడిపించండి. ముజోకో లాంటి అనుకరణ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక నాలుగుకాళ్ల నమూనాను నడిపించి, వీపు మీద రెండు కిలోల చొప్పున బరువు పెంచుతూ పోండి. ఏ కీలు ముందు లొంగిపోతుందో రాసుకోండి. ఆ బరువునే ఒక పక్కకు జరిపి మళ్లీ చూడండి.

తర్వాత ఒకే ఒక్క కాలు కట్టండి. నిలువు కడ్డీకి బిగించి పైకీ కిందికీ మాత్రమే కదిలేలా పెడితే చాలు. తుంటికి ఒక మోటారు, మోకాలికి ఒకటి. డిజైన్లు బహిరంగంగా ఉంచిన స్టాన్‌ఫర్డ్ డాగో లాంటి ప్రాజెక్టులను చూసి కొలతలు తీసుకోవచ్చు. ఆ కాలు గెంతి, దిగి, మళ్లీ గెంతడం మొదలుపెట్టాక పైన కిలో బరువు కట్టండి. పది నిమిషాలు ఆడనిచ్చి మోటారు మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి. అది ఎంత కాలుతోందో నోట్ చేసుకున్నాకే రెండో కాలికి సామాను కొనండి.